నలభై రెండు మొక్కల సారె

అద్దంకి,
24-2-2025

చెల్లెమ్మ వెంకాయమ్మగారికి,

మీ వియ్యంకుడు ప్రసన్నకుమార్ నమస్కారాలు. పెళ్లి హడావుడి తగ్గి ఇప్పుడిప్పుడే మేం కూర్చుని అన్నం తింటున్నాం. మీకు మిరపకోతలు మొదలై ఉంటాయి, మీకు ఆ అదృష్టం కూడా ఉండదు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని అనుకోవచ్చు. మా పెద్దమ్మాయి అత్తవారితో నేను ఫోన్లోనే మాట్లాడేవాణ్ని. ఒకసారి నోరు జారాను. సర్దుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. వియ్యాలవారితో ఏ మాటైనా కాగితం మీదేనని ఆనాడే నిర్ణయించుకున్నాను. కోపంలో రాసిన ఉత్తరాన్ని చింపేసి మళ్లీ రాసుకోవచ్చు, ఫోన్లో అన్న మాటను చింపలేం.

అసలు సంగతికి వస్తాను. ఈ ట్రాలీ ఆటోలో నలభై రెండు మొక్కలు పంపుతున్నాను. శ్రీరమ్యను దిగబెట్టిన రోజు మీ వాకిలి చూశాను. విశాలంగా ఉంది. సిమెంటు చేసి శుభ్రంగా ఉంది. మిరపకాయల టిక్కీ బస్తాలు పేర్చుకోవడానికి ఎంతో అనువుగా ఉంది. పచ్చటి ఆకు మాత్రం ఒక్కటి లేదు. మా పిల్ల నర్సరీలో పెరిగింది. లేచిన వెంటనే మొహం కూడా కడుక్కోకుండా మొక్కల మధ్యకు వెళ్లడం దానికి అలవాటు. ముంబైలో అల్లుడుగారి బ్యాంకు ట్రైనింగు అయిపోయి, జూన్‌లో ఇద్దరూ మీ ఇంటికి కాపురానికి వచ్చేసరికి, గేటు తీయగానే తను పెంచిన మొక్కలు దానికి కనపడాలి. కొత్త ఊళ్లో అది ఒంటరిగా కూర్చుని ఉంటుందేమోనన్న బెంగ తప్ప నాకు ఇంకే బెంగా లేదు.

మీ ఎండకు తట్టుకునేవే ఏరాను. చూడ్డానికి బాగుంటాయని నీడలో పెరిగేవి పంపితే మే నెలకు అప్పడాలైపోతాయి. అందుకే కాగితం పూలు, ఎడారి గులాబీలు, నూరు వరహాలు, రాధామనోహరం, బిళ్ళగన్నేరు, క్రోటన్లు పంపాను. ఏది ఏ గోడ పక్కన ఉండాలో ఈ కాగితం వెనక పటం గీశాను. తొలకరి దాకా కుండీల్లోనే ఉంచండి, వాన పడ్డాక నేలలో పెట్టొచ్చు.

మా ఆవిడ ప్రతి మొక్కకూ పసుపు కుంకుమ పెట్టి పంపుతోంది, సున్నుండలు కూడా చేసింది. ఉత్తరం తడవకుండా సున్నుండల డబ్బా అడుగున పెడుతున్నాను.

మీ అన్నయ్య
ప్రసన్నకుమార్


(పోస్టు చేయని ఉత్తరం)

ప్రత్తిపాడు,
1-3-2025

అన్నయ్యగారికి,

మేమంతా ఎండలో ఉన్నాం, కానీ బాగున్నాం. మీరు పంపిన సారె అందింది. నా ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఎన్నో సారెలు చూశాను. చలిమిడి చూశాను, అరిసెలు చూశాను, పనసకాయలు చూశాను. మొక్కల సారె చూడటం ఇదే మొదలు. పసుపు కుంకుమలతో ట్రాలీ నిండా మొక్కలు వచ్చి వాకిట్లో ఆగేసరికి మిరపకాయలు ఏరేవాళ్లు కూడా పని ఆపి నిలబడ్డారు. ఎదురింటి మాబూబీ అయితే, "అందరి సారె తింటే అయిపోద్దక్కా, మీ కోడలి సారె పెరుగుద్ది" అంది. నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను.

పొద్దు గూకేలోపే పంచేశాం. మా బజార్లో మా ఇల్లు కాక నలభై ఒక్క ఇళ్లు. ఇంటికో మొక్క, రెండు సున్నుండలు. మిగిలిన ఒక్క మొక్క గుళ్లో పూజారిగారికి ఇచ్చాం. ఒక్క గడప కూడా వదల్లేదు. మాకంటూ ఏమీ ఉంచుకోలేదు, సారె ఇంట్లో దాచుకునే అలవాటు మాకు లేదు.

సున్నుండల డబ్బా కడుగుదామని ఇప్పుడే తీశాను, అడుగున మీ ఉత్తరం ఉంది. ఒక్క నిమిషం, చదివి మిగతాది రాస్తాను.

చదివాను.


ప్రత్తిపాడు,
1-3-2025

అన్నయ్యగారికి,

మొక్కలు క్షేమంగా చేరాయి. అన్నీ ఎండ బాగా తగిలేచోటే ఉన్నాయి. సున్నుండలు చాలా బాగున్నాయి. కోతల పనిలో ఉండి ఎక్కువ రాయలేకపోతున్నాను.

మీ చెల్లెలు
వెంకాయమ్మ


అద్దంకి,
10-3-2025

చెల్లెమ్మగారికి,

మీ నాలుగు ముక్కల ఉత్తరం నాలుగుసార్లు చదువుకున్నాను. కోతల మధ్య కూడా మొక్కల గురించి రాశారంటే మా పిల్ల మంచి చేతుల్లో పడిందని ధైర్యం వచ్చింది.

ఇప్పుడు నేను చెప్పేవి శ్రద్ధగా వినండి. కాగితం పూలకు నీళ్లు తగ్గించండి. దానికి దాహమైతేనే పూస్తుంది, కడుపు నిండా పోస్తే ఆకు వేసి ఊరుకుంటుంది. ఎడారి గులాబీకి వారానికి రెండుసార్లు చాలు, ఎక్కువైతే మొదలు కుళ్లుతుంది. క్రోటన్లకు మధ్యాహ్నం రెండు దాటాక నీడ పడాలి. నూరు వరహాల ఆకు పసుపెక్కితే పుల్లటి మజ్జిగ నీళ్లలో కలిపి పోయండి. బిళ్ళగన్నేరు జోలికి వెళ్లకండి, అది ఎవరు పట్టించుకోకపోయినా బతుకుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మిరపకు కొట్టే మందులు వీటి దగ్గరికి రానివ్వద్దు.

వీలైతే నాలుగు ఫోటోలు తీయించి, ప్రింటు వేయించి పంపండి. నా ఫోన్ మాట్లాడటానికి తప్ప చూడటానికి పనికిరాదు. నేనే వద్దామంటే వేసవిలో నర్సరీ వదిలి పూట కూడా కదలలేను.

మీ అన్నయ్య
ప్రసన్నకుమార్


ప్రత్తిపాడు,
30-3-2025

అన్నయ్యగారికి,

మీరు చెప్పినవన్నీ చేస్తున్నాను. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పడుతోంది. కొత్త చెప్పులు కొన్నాను. ఎవరు ఎన్ని నీళ్లు పోస్తున్నారో కనిపెట్టడం కష్టంగా ఉంది. నేను ఇటు తిరగ్గానే అటు బిందెడు కుమ్మరిస్తున్నారు. కాగితం పూలను దాహంతో ఉంచండమ్మా అంటే, "పచ్చటి మొక్కని ఎండగట్టమంటావేందమ్మా, పాపం కాదూ" అని నన్నే తిడుతున్నారు.

మందు సంగతి మీరు ముందే రాసి ఉండాల్సింది. మీ క్రోటన్లలో ఒకదానికి ఆకు మెలి తిరిగి పసుపు మచ్చలు పడ్డాయి. మా సుభానీ చూసి, ఇది ముడత తెగులు, చేలోకి పాకితే మిరప మొత్తం పోద్దని మూడు కొట్లు మందు కొట్టాడు. మొక్క చావలేదు, ముడతా పోలేదు. ఎడారి గులాబీకి మొదలు దగ్గర దుంప ఊరింది. ఎప్పుడు తవ్వాలి, ఎకరానికి ఎంత దిగుతుందని అడుగుతున్నారు. మజ్జిగ పోయమన్నది మాత్రం ఎవరూ నమ్మలేదు, కొందరు తాగేశారు.

ఆరు ఫోటోలు పంపుతున్నాను. నీళ్లు పోసే సమయం కావడంతో ఇంతటితో ఆపుతున్నాను.

మీ చెల్లెలు
వెంకాయమ్మ


అద్దంకి,
9-4-2025

చెల్లెమ్మగారికి,

ఫోటోలు మా ఆవిడా నేనూ మార్చి మార్చి చూసుకున్నాం. ఆరు ఫోటోల్లో ఆరు రంగుల గోడలు. ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ, ఒకటి గులాబీ రంగు. నేను వచ్చిన రోజు మీ ఇల్లంతా తెల్ల సున్నమే. అంటే ఒక్కో మొక్కకు నప్పేలా ఒక్కో గోడకు రంగు వేయించారన్నమాట. మా పిల్ల కోసం ఇంత చేసే అత్తగారు ఉంటారని నేను అనుకోలేదు. మా ఆవిడ కళ్లు తుడుచుకుంది.

మీ ఇంటికి అన్ని గేట్లు ఉన్నాయని కూడా నాకు తెలియదు. ఆ రోజు దిగులుగా ఉండి సరిగా చూడలేదేమో. మూడో ఫోటోలో ఉన్న మేకను దయచేసి కట్టేయండి. నాలుగో ఫోటోలో మంచం మీద పడుకున్న పెద్దాయన మీ మామగారా? పెళ్లిలో కనపడలేదు. నమస్కారాలు చెప్పండి.

ఒకే ఒక్క సవరణ. ఆకుపచ్చ గోడ ముందు క్రోటన్ కలిసిపోయి కనపడటం లేదు. దాన్ని తీసి గులాబీ రంగు గోడ దగ్గర పెట్టి, అక్కడున్న ఎర్ర కాగితం పూలు ఆకుపచ్చ గోడ దగ్గరికి మార్చండి. రెండు నిమిషాల పని.

మీ అన్నయ్య
ప్రసన్నకుమార్


ప్రత్తిపాడు,
20-4-2025

అన్నయ్యగారికి,

మార్చాను. రెండు నిమిషాల పని కాదు, నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు ఆ రెండు గోడల మధ్య మాటల్లేవు. మా ఎర్ర పూలు తీసుకుని ఈ ముడత ఆకుల మొక్క అంటగట్టారని గులాబీ గోడవైపు వాళ్ల వాదన. నేను పోయి సర్దిచెప్పి, రోజూ నాలుగు పూలు వీళ్లకు పంపేలా అటువాళ్లను ఒప్పించాను. ఇక మీదట ఏదీ మార్చమని రాయకండి, మీకు పుణ్యముంటుంది.

పెద్దాయనకు నమస్కారాలు చెప్పాను. మీరెవరో ఆయనకు తెలియలేదు. అయినా సంతోషించాడు.

ఎండలు బాగా ముదిరాయి. ఇప్పుడు ఇటు ప్రయాణాలు పెట్టుకోవద్దని నా సలహా.

మీ చెల్లెలు
వెంకాయమ్మ


అద్దంకి,
3-5-2025

చెల్లెమ్మగారికి,

ఇది నేను రాస్తున్న మూడో ఉత్తరం. మొదటి రెండూ చింపేశాను.

నిన్న మధ్యాహ్నం మా నర్సరీకి ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చాడు. సంచిలోంచి మెలి తిరిగిన ఆకు ఒకటి తీసి, "ఏవండీ, దీనికి ముడతొచ్చింది. మూడు కొట్లు కొట్టినా లొంగలా. ఇంకేం కొట్టమంటారు?" అని అడిగాడు. చూస్తే అది మా క్రోటన్. ఆ రకానికి ఆకు అలా మెలి తిరగడమే అందమయ్యా అని చెప్పాను. చాలాసేపు నమ్మలేదు. ఎక్కడ కొన్నావని అడిగితే, "కొంటమేంటండీ, సారెలో వచ్చింది. ట్రాలీ అద్దంకి నుంచొచ్చిందని ఇటొచ్చా. మా ప్రత్తిపాడు వెంకాయమ్మక్క కోడలి సారె. బజారు మొత్తం ఇంటికోటి పంచింది. రోజుకి రెండుసార్లు తనిఖీకి కూడా వస్తా ఉంది" అన్నాడు. పేరు సుభానీ. మీరు రాసిన మా సుభానీ ఆయనేనని అప్పుడు అర్థమైంది. గోడల రంగులు, గేట్లు, మేక, మంచం మీద పెద్దాయన కూడా అర్థమయ్యారు.

నాకు చాలా కోపం వచ్చింది. ఆ ఎర్ర కాగితం పూల మొక్క శ్రీరమ్య ఇంటర్ చదివేటప్పుడు కొమ్మ గుచ్చి పెంచింది. ఎడారి గులాబీలకు అంట్లు కట్టింది అదే. నర్సరీలో మొక్కలు వేల కొద్దీ ఉన్నాయి, కానీ అది చేయి పెట్టినవి ఏరి పంపాను. పంచారు, పోనీ. రెండు నెలలుగా నేను ఎవరెవరి ఇళ్లలోని మొక్కలకో నీళ్లు పోయడం ఎలాగో ఉత్తరాలు రాస్తుంటే, మీరు ఒక్క మాట చెప్పలేదు. నాకు అది బాధగా ఉంది.

ప్రసన్నకుమార్


ప్రత్తిపాడు,
9-5-2025

అన్నయ్యగారికి,

దీనితోపాటు మార్చి ఒకటిన రాసి పోస్టు చేయని ఉత్తరం పెట్టాను. అది చదివి ఇది చదవండి.

చెప్పకపోవడం నా తప్పే. మిగతాది చెరి సగం. పసుపు కుంకుమ పెట్టి, సున్నుండలతో కలిపి, కొత్త కోడలి ఇంటికి పంపితే దాన్ని సారె అనుకోక ఏమనుకోవాలి? నేను మిరప పండించే దాన్ని, నాకు పూలమొక్కలు పంపుతారని కలగన్నానా? ఉత్తరాన్ని సున్నుండల డబ్బా అడుగున పెట్టే మనిషిని కూడా నేను మిమ్మల్నొక్కరినే చూశాను.

మీ ఉత్తరం చదివిన రోజు అన్నం తినలేదు. తిరిగి అడుగుదామని రెండుసార్లు మాబూబీ గడప దాకా వెళ్లి, మజ్జిగ అడిగి తాగి వచ్చేశాను. ఎలా అడగమంటారు? అది నా సొత్తు కాదు, కోడలి పేరు మీద ఇచ్చింది. ఇచ్చిన సారె వెనక్కి తీసుకున్నారంటే రేపు ఆ బజార్లో తల వంచుకుని నడవాల్సింది ఆ పిల్లే. అందుకని అడక్కుండా, మీరు రాసింది రాసినట్టు నలభై రెండు చోట్లా చేయించాను. పోయినవి రెండే. ఒకటి మేక తినేసింది, ఒకటి మజ్జిగ ఎక్కువై పోయింది.

మిమ్మల్ని మోసం చేయాలని కాదు అన్నయ్యగారూ. మీకు చెప్పే మొహం లేక చేశాను. మీరే వచ్చి నన్ను నాలుగు తిట్టండి. కాగితం మీద వద్దు, కాగితం మీద తిడితే మళ్లీ మళ్లీ చదువుకుంటాను.

వెంకాయమ్మ


అద్దంకి,
18-5-2025

చెల్లెమ్మగారికి,

రెండు ఉత్తరాలూ చదివాను. మొదటి ఉత్తరం చివర "చదివాను" అన్న దగ్గర మా ఆవిడ పెద్దగా నవ్వింది. నాకు రాత్రి భోజనాల వేళకు నవ్వు వచ్చింది.

తిట్టడానికి నేను రాలేను. నర్సరీ వదలలేనని ఇదివరకు రాశాను, అది అబద్ధం. నా తమ్ముడున్నాడు, నాకన్నా బాగా చూస్తాడు. శ్రీరమ్యను మీ ఇంట్లో దిగబెట్టి వచ్చిన రోజు చిలకలూరిపేట దాకా ఏడుస్తూనే ఉన్నాను. డ్రైవరు బండి ఆపి టీ తాగించాడు. మళ్లీ ఆ గేటు దగ్గరికి వస్తే, అది లోపల ఉండి నేను బయటికి నడవాల్సిన సమయం వస్తే, ఏమవుతానో నాకు తెలుసు. అల్లుడుగారి ముందు, బావగారి ముందు అలా ఏడవడం నాకిష్టం లేదు.

కొత్త మొక్కలు పంపుదామన్నా కుదరదు. ఎండకు అలవాటు చేయడానికే రెండు నెలలు కావాలి, ఇప్పుడు పంపితే వారానికి మాడిపోతాయి. కాబట్టి మా పిల్ల వచ్చేసరికి ఆ వాకిలి బోసిగానే ఉంటుంది. దానికి ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం. నాకు చెప్పినట్టు మాత్రం చెప్పకండి.

మీ అన్నయ్య
ప్రసన్నకుమార్


ప్రత్తిపాడు,
17-6-2025

అన్నయ్యగారికి,

అబ్బాయీ అమ్మాయీ పదో తారీకు పొద్దున దిగారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, ఇక దాచే ఓపిక నాకు లేదు.

ముందు రోజు సాయంత్రం మాబూబీ దగ్గర నా గోడు వెళ్లబోసుకున్నాను. మొక్క ఇమ్మని అడగలేదు, ఒట్టు. తెల్లారి తలుపు తీస్తే వాకిట్లో నలభై మొక్కలు. కుండీలు కొన్ని, పెయింటు డబ్బాలు కొన్ని, చిల్లుపడ్డ బిందెలు కొన్ని. మాటల్లేని ఆ రెండు ఇళ్లవాళ్లూ చెరోవైపు పట్టుకుని ఒక తొట్టి దించుతున్నారు. మాబూబీ, "తిరిగిచ్చినట్టు కాదక్కా. పిల్ల చూస్తుందని తెచ్చాం. సాయంత్రం ఎవరిది వాళ్లు పట్టుకుపోతాం" అంది.

కారు దిగి అమ్మాయి గేటు దగ్గరే ఆగిపోయింది. తర్వాత ఒక్కొక్క మొక్క దగ్గరా కూర్చుని ఆకు తిప్పి చూసింది. ఎర్ర కాగితం పూల దగ్గర కూర్చుని ఏడ్చింది. అది ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. అబ్బాయికి ఏమీ అర్థంకాక సామాను లోపలికి మోసుకున్నాడు.

సాయంత్రం ఐదింటికి జనం మొదలయ్యారు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. అమ్మాయి పరిగెత్తుకొచ్చి, "అత్తయ్యా, మన మొక్కలు ఎవరో పట్టుకుపోతున్నారు" అంది. పొయ్యి కట్టేసి, దాన్ని కూర్చోబెట్టి, సున్నుండల డబ్బా దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. అది కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి, బయటికి వెళ్లి, మాబూబీ ఎత్తుతున్న కుండీని రెండో పక్క పట్టుకుని ఆవిడతోపాటు వెళ్లిపోయింది. వచ్చేసరికి ఎనిమిదైంది. మూడిళ్లలో తిన్నానత్తయ్యా, అన్నం వద్దంది.

నాలుగు రోజుల తర్వాత మంచి వాన పడింది. ఆ తెల్లవారి నుంచి గడ్డపార భుజాన వేసుకుని ఇంటింటికీ తిరుగుతోంది. ఏ గోడకు ఏది పెట్టాలో చెప్పి, గొయ్యి తనే తీసి నాటుతోంది. సుభానీ ఇంటి క్రోటన్‌కు మందు కొట్టనని ఆయన చేత ఒట్టు వేయించుకుంది. నేను ముప్పై నాలుగేళ్లుగా వరండా దాటని ఇళ్లలో అది పెరట్లోకి వెళ్లి కూర్చుంటోంది. బజార్లో ఇప్పుడు నన్ను చూసి, "మీ కోడలేది?" అని అడిగి, లేదంటే మొహం తిప్పుకుంటున్నారు. ఒంటరిగా కూర్చుంటుందేమోనని మీరు బెంగపడ్డారు. ఇంట్లో ఒంటరిగా కూర్చుంటున్నది నేను.

మా వాకిట్లో మాత్రం ఇవాళ్టికీ ఒక్క మొక్క లేదు. గేటు పక్కన సిమెంటు పగలగొట్టించి మోకాలి లోతు గొయ్యి తీసింది, ఎరువు వేసింది, అలాగే వదిలేసింది. అందులో ఏం పెడతావమ్మాయ్ అంటే, "అది మా నాన్నది, ఆయనొచ్చి పెడతాడు" అంటోంది. నిన్న పొద్దున మీ బావగారు పాలకు వెళ్తూ అందులో పడ్డారు. దెబ్బలేం తగల్లేదు గానీ పూడ్చమని గొడవ చేస్తున్నారు. అది పూడ్చనివ్వడం లేదు.

కాబట్టి మొక్క ఏదైనా సరే, మీరే చేత్తో పట్టుకుని రండి. ఏడుపొస్తే ఏడవండి. ఇంటి నిండా మిరపకాయలున్నాయి, ఇక్కడ అందరి కళ్లూ ఎప్పుడూ నీళ్లు కారుతూనే ఉంటాయి, ఎవరూ ఏమీ అనుకోరు.

మీ చెల్లెలు
వెంకాయమ్మ